‘నేనే’ అను పక్షి

నలచక్రవర్తి యొకనాడు ఉద్యానవనమున విహరించుచు, కొలనిగట్టున ఒంటికాలిపై నిలిచి నిద్రించుచున్న బంగారు రెక్కల హంసను చూచెను. అడుగుల చప్పుడు కాకుండ సమీపించి దానిని పట్టుకొనెను. చేతికి చిక్కిన హంస మొదట రాజును నిందించెను, పిమ్మట బ్రతిమాలెను. ఇంట ముసలితల్లి కలదనియు, పసికూనలు తనకొఱకు ఎదురుచూచుచున్నవనియు చెప్పి విలపించెను. రాజు మనసు కరిగెను. పిడికిలి సడలెను. ఎగిరిపోయిన హంస మఱల తానై తిరిగివచ్చి, దమయంతి కడకు దూతయై పోయి రాజునకు మేలు చేసెను. శ్రీనాథ మహాకవి రచించిన శృంగార నైషధము వలన ఈ కథ తెలుగువారికి చిరపరిచితము.

ఈ చిన్న కథలో మూడు మెట్లు కలవు. అందమైనదానిని చూడగానే పట్టుకొనవలెనను కోరిక మొదటిది. పట్టుకొన్న పిమ్మట దాని బాధను తెలిసికొనుట రెండవది. తెలిసిన పిమ్మట విడిచిపెట్టుట మూడవది. అడవి నీటిపక్షులను బంధించి పెంచిన మనుష్యుల చరిత్ర యంతయు ఈ మూడు మెట్లమీదనే నడచినది. చాలమంది మొదటి మెట్టుమీదనే ఆగిపోయిరి. కొందరు రెండవదానిని ఎక్కిరి. మూడవదానిని చేరినవారు మిక్కిలి తక్కువ. చేరినవారికి కూడ అచ్చట ఒక క్రొత్త సత్యము గోచరించెను. పట్టుకొనుట సులభము, విడిచిపెట్టుటయే కష్టము.

చిలుకను పెంచువానికి పంజరము చాలును. నీటిపక్షికి పంజరము పనికిరాదు. దానికి ఈదుటకు కొలను కావలెను. మేయుటకు పచ్చిక కావలెను. గూడు కట్టుకొనుటకు గట్టున చాటైన పొద కావలెను. అంతటి చోటికి కప్పు వేయుట అందరికి సాధ్యము కాదు. పైన కప్పు లేని చోట పక్షి నిలుచుట యెట్లు? ఇందులకు మనుష్యుడు కనిపెట్టిన ఉపాయము పక్షి రెక్కలోనే కలదు. ఒక రెక్కలోని పెద్ద ఈకలను కత్తిరించినచో పక్షి ఎగురలేదు. కాని ఈ ఉపాయము ఏటికొకసారి వమ్మగును. ఏలయనగా బాతుజాతి పక్షులు చాలవఱకు ప్రతి సంవత్సరము తమ పెద్ద ఈకలన్నిటిని ఒక్కుమ్మడిగా రాల్చి క్రొత్తవానిని తెచ్చుకొనును. ఆ కొన్ని వారములపాటు అడవిలోని పక్షులకు సైతము ఎగురు శక్తి యుండదు. పూర్వము వేటకాండ్రు ఆ సమయమునే కనిపెట్టి, గుంపులను తోలుకొనిపోయి వలలలో చేర్చెడివారు.

రెండవ ఉపాయము శాశ్వతమైనది, కఠినమైనది. పిల్ల గుడ్డునుండి వెలువడిన కొలది దినములకే దాని ఒక రెక్క కొనను కణుపుతో సహా కోసివేయుదురు. ఆ పక్షి ఆజన్మాంతము ఎగురలేదు. ఎగురబోయిన ప్రతిసారి ఒకవైపు ఒరిగి నేలకు దిగును. ఒడ్డున నిలిచి చూచు వారికి ఆ లోపము కనబడదు. వారి కంటికి కొలను, పచ్చిక, ప్రశాంతముగ ఈదుచున్న పక్షి మాత్రమే కనబడును. కాని శరత్కాలమున వలసపోవు గుంపు అరచుచు తలపై నుండి సాగిపోవునపుడు, క్రింద నీటిలోని పక్షి మెడ సాచి పైకి చూచును, తానును బదులు పలుకును, రెక్కలు విదల్చును. గుంపు దాటిపోవును. పక్షి మఱల నీటిపై నిలిచిపోవును.

ఇంతటి అపకారము చేసి పక్షిని నిలుపుకొన్నవాడు దానికి బదులుగ ఏమి ఈయవలెను? ఈ ప్రశ్నకు ఇరువదవ శతాబ్దము రెండు సమాధానములను చూపినది. ఒకటి విషాదకరము, రెండవది ఆశాజనకము. విషాదకరమైనది మన దేశమునకు సంబంధించినది.

గంగా బ్రహ్మపుత్రల పల్లపు భూములలో, బీహారు, వంగ, అస్సాము ప్రాంతముల రెల్లుగడ్డి నడుమనున్న మడుగులలో పూర్వమొక వింత బాతు ఉండెడిది. దాని దేహము ముదురు గోధుమవన్నె. మగపక్షి తలయు మెడయు గులాబిరంగు. ప్రపంచమున మఱి యే బాతునకును అట్టి శిరస్సు లేదు. దాని గుడ్లు కూడ బంతివలె గుండ్రముగ నుండెడివి. ఆ రంగే దానికి చేటు తెచ్చెను. వేటకాండ్రు దానిని కాల్చిరి. కలకత్తా అంగడులలో అది అమ్మకమునకు వచ్చెడిది. మడుగులు ఎండగట్టి పొలములు చేసినకొలది దాని నివాసము కృశించెను. అడవిలో ఈ పక్షి ఉన్నట్లు నిస్సందేహమైన చివరి ఆధారము 1935లో దర్భంగా ప్రాంతమున లభించినది. అదియు తుపాకి దెబ్బకు నేలకూలిన పక్షియే.

ఆ కాలముననే కొన్ని గులాబితల బాతులు సముద్రములు దాటి ఇంగ్లండు చేరినవి. ఆల్ఫ్రెడ్ ఎజ్రా అను సంపన్నుడు తన ఫాక్స్‌వారెన్ ఉద్యానములో వానిని పెంచెను. ఆయన పక్షులయందు ప్రేమ గలవాడే. ఆహారమునకు, నీటికి, రక్షణకు లోటు రానీయలేదు. కాని ఆ పక్షులు పిల్లలను చేయలేదు. ఏ ఋతువున, ఏ గడ్డిలో, ఎట్టి ఏకాంతమున అవి గూడు కట్టునో అడవిలో తగినంతగ పరిశీలించి వ్రాసిపెట్టినవారు లేరు. ఒక్కొక్కటిగ అవి వయసుడిగి మరణించెను. గులాబితల బాతు నేడు ఛాయాచిత్రములలోను, వస్తుప్రదర్శనశాలల అరలలోను మాత్రమే కనబడుచున్నది. పక్షిని దగ్గర ఉంచుకొనుట, పక్షిజాతిని కాపాడుట ఒకటి కాదని ఆ కొలను లోకమునకు తెలిపినది. తెలిపినపుడు కాలము మించిపోయి యుండెను.

ఆశ గొలుపు రెండవ సమాధానము ఒక మనుష్యుని జీవితముతో పెనవేసికొని యున్నది. ఆయన పేరు పీటర్ స్కాట్. దక్షిణధ్రువమును చేరి, తిరుగుదారిలో 1912లో మంచులో ప్రాణములు విడిచిన కెప్టెన్ స్కాట్ ఆయన తండ్రి. అప్పటికి పీటరునకు మూడేండ్లు కూడ నిండలేదు. మృత్యువు సమీపించిన వేళ ఆ తండ్రి భార్యకు వ్రాసిన ఉత్తరములో, బాలునకు ప్రకృతి పరిశీలనమునందు ఆసక్తి కలిగింపుమని కోరెను. ఆ కోరిక నెరవేరినది. కాని నెరవేరిన దారి తిన్నగ లేదు.

పీటరునకు పిన్ననాటినుండియు నీటిపక్షు లనిన వ్యామోహము. వానిని చూచుటయందు, చిత్రించుటయందు ఎంత ఇష్టమో, కాల్చుటయందును అంత ఇష్టము. యౌవనమున తెల్లవారకముందే బురదనేలలలో ప్రాకి, పొంచియుండి పెద్దబాతులను వేటాడెడివాడు. మఱియు వలపన్ని కొన్నింటిని పట్టి, తాను నివసించిన పాత దీపస్తంభము చెంత పెంచెడివాడు. ఒకసారి ఆయనయు మిత్రులును వేటాడుచుండగ, గాయపడిన బాతు ఒకటి ఎవ్వరును కాలు మోపలేని మెత్తని బురదలో పడెను. దానిని తెచ్చి బ్రతికించుటకు గాని, చంపి బాధ తీర్చుటకు గాని వీలు లేకపోయెను. మఱునాడు చూచినను అది ఆ బురదలోనే ప్రాణముతో నుండెను. ఆ దృశ్యము ఆయన హృదయమున నాటుకొనెను. ఒక్కదినముననే ఆయన మారలేదు. కాని క్రమక్రమముగ తుపాకి చేతినుండి జారెను. కుంచెయు దూరదర్శినియు నిలిచెను.

రెండవ ప్రపంచయుద్ధమున నౌకాదళమునందు పనిచేసి తిరిగివచ్చిన పిమ్మట, 1945 డిసెంబరులో ఆయన సెవర్న్ నది సముద్రమున గలియు చోటనున్న స్లింబ్రిడ్జ్ గ్రామమునకు పోయెను. శీతకాలమున ఉత్తరదేశములనుండి వేలకొలది బాతులు ఆ బీళ్లలో దిగును. ఆ మంద నడుమ అరుదైన పక్షి నొకదానిని గుర్తించినపుడు, నీటిపక్షులను పరిశీలించుటకును రక్షించుటకును ఇదియే తగిన తావని ఆయనకు తోచెను. 1946 నవంబరులో అచ్చట ఒక సంస్థ వెలసెను. కొలనులు త్రవ్విరి. కంచెలు వేసిరి. లోకములోని పలుజాతుల బాతులను, హంసలను తెచ్చి పెంచిరి. పెంచుట యందలి ఉద్దేశము మాత్రము వేఱు. పక్షిని గూర్చి నేర్చుకొనవలెను. జనులకు దానిని చూపి వారి మనసులలో ప్రేమ కలిగింపవలెను. ఏదేని జాతి నశింపబోవునపుడు దానికి ఆశ్రయ మీయవలెను. ఈ మూడవ పనికి అవసరము త్వరలోనే కలిగెను.

శాంత మహాసముద్రము నడుమ హవాయి దీవులు కలవు. అగ్నిపర్వతములు సముద్రగర్భమునుండి లేచి ఏర్పడిన దీవులవి. అచ్చటి లావా వాలులపై ఒక పెద్దబాతు నివసించును. దాని ముఖము నలుపు, చెక్కిళ్లు పసుపువన్నె, మెడపై నిలువు గాళ్లు తీర్చినట్లుండును. నీటియవసరము తగ్గి, గట్టి రాళ్లపై నడచుట కలవాటుపడుటచే, దాని కాలివ్రేళ్ల నడుమ పొర ఇతర బాతులకంటె కుంచించుకొని పోయినది. దాని కూత మెత్తనిది. ఆ కూతనుబట్టియే దీవివాసులు దానికి ‘నేనే’ అని పేరిడిరి. తెలుగు చెవికి ఆ పేరు మఱింత వింతగ తోచును. తలుపు తట్టినవానిని ‘ఎవరది?’ యని యడిగినపుడు వచ్చు ప్రత్యుత్తరమువలె నుండును.

1778లో కెప్టెన్ కుక్ ఆ దీవులను చేరిన కాలమున ఈ పక్షులు రమారమి 25,000 ఉండి యుండునని శాస్త్రజ్ఞుల అంచనా. పిమ్మట ఓడలలో తుపాకులు వచ్చెను. పిల్లులు, కుక్కలు, పందులు వచ్చెను. ఈ పక్షి చలికాలమున గ్రుడ్లు పెట్టును. వేటకు అనుమతించిన కాలమును అదియే యగుటచే, గూటిపైనున్న పక్షులే కాల్పులకు గురియయ్యెను. 1907లో వేట నిషేధింపబడువఱకు ఇట్లే జరిగెను. ఇంతలో మఱియొక శత్రువు ప్రవేశించెను. చెఱకుతోటలలో ఎలుకల బాధ తొలగించుటకై 1883లో తోటల యజమానులు జమైకానుండి ముంగిసలను తెప్పించిరి. ఆ జమైకా ముంగిసల పూర్వులు 1872లో మన కలకత్తానుండి పోయినవే. ఎలుక రాత్రి తిరుగును. ముంగిస పగలు తిరుగును. ఎలుకలు బ్రతికిపోయెను, నేలపై గూడు కట్టు పక్షులు బలియయ్యెను. నాలుగు కాళ్ల శత్రువును తరతరములుగ ఎఱుగని పక్షికి, గ్రుడ్లను కాచుకొనుట యెట్లో తెలియదు. 1950 నాటికి అడవిలో మిగిలిన పక్షులు ముప్పదికి మించవని లెక్కించిరి.

వీనికి తోడు పెంపుడు మంద యొకటి ఉండెను. హెర్బర్ట్ షిప్‌మన్ అను పశువుల క్షేత్రాధిపతి 1918లో ఒక జంటతో మొదలిడి, తన యింటిచెంత సముద్రతీరమున వీనిని పెంచుచుండెను. ఏండ్లు గడచి ఆ మంద 43 పక్షులకు పెరిగెను. 1946 ఏప్రిలు 1వ తేదీన సముద్రము పొంగి సునామి తీరముపై బడెను. అది పోయిన పిమ్మట లెక్కింపగా 11 పక్షులు మిగిలెను. ఎన్నియో ఏండ్ల శ్రమ కొలది నిమిషములలో కొట్టుకొనిపోయినది. ఒక జాతి ప్రాణమును ఒక్క తావుననే దాచుట ఎంత ప్రమాదమో ఆ ఉదయము తెలిసినది. 1949లో హవాయి ప్రభుత్వము పోహకులోవ అనుచోట పెంపకము ప్రారంభించెను. స్లింబ్రిడ్జ్ సంస్థ సాయపడుటకు ముందుకు వచ్చెను. సంస్థలో పక్షుల పోషణ చూచు జాన్ యేలండ్ హవాయికి పోయి, 1950లో షిప్‌మన్ ఒసగిన రెండు పక్షులతో ఇంగ్లండునకు తిరిగివచ్చెను.

ఆ జాతిలో ఆడ మగలు ఒక్కరీతినే కనబడును. వచ్చినవి జంటయేయని అందరును నమ్మిరి. పరదేశమున అవి గడ్డి మేసి, చలికి ఓర్చి కుదుటపడెను. 1951 వసంతమున వానిలో ఒకటి గూడు కట్టుకొని గ్రుడ్లు పెట్టెను. స్లింబ్రిడ్జ్‌లో అందరి ముఖములును వికసించెను. కొలదిదినములకు రెండవ పక్షియు గూడు కట్టుకొని గ్రుడ్లు పెట్టెను! వికసించిన ముఖములు వాడిపోయెను. రెండును ఆడపక్షులే. ఆ గ్రుడ్లలో జీవము లేదు. నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియని ఆ సమయమున హవాయికి తంతివార్త పోయెను. మగబాతు ఒకటి విమానమెక్కి సగము భూగోళము చుట్టి వచ్చెను. దానికి హవాయి దీవులను ఏకము చేసిన రాజు పేరు పెట్టి కమేహమేహ అని పిలిచిరి. అది వచ్చునప్పటికి ఆ యేటి ఋతువు కడచిపోయెను. మఱుసటి వత్సరము, 1952లో, తొమ్మిది పిల్లలు పెరిగి పెద్దవయ్యెను. లోకములో ఆ జాతి మొత్తమే కొలది పదులున్న దినములలో తొమ్మిది స్వల్పసంఖ్య కాదు.

ఆ పిల్లల వెనుక ఎంతటి ఓపిక కలదో చూపరు లెఱుగరు. తొలిసారి పెట్టిన గ్రుడ్లను మెల్లగ తీసివేసినచో ఆడబాతు మఱల గ్రుడ్లు పెట్టును. తీసిన గ్రుడ్లను పొదుగు కోళ్ల క్రింద నుంచెడివారు. ఇంచుమించు ముప్పది దినములు వేచియుండవలెను. కోడి తల్లి యైనను పిల్లలకు వేడి నీయగలదు గాని బాతుగ బ్రతుకుట నేర్పలేదు. బాతుపిల్ల కన్ను తెఱచి తొలుత చూచిన చలించు వస్తువునే తల్లిగ భావించి వెన్నంటి పోవునని ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కోన్రాడ్ లోరెంజ్ అంతకుముందే నిరూపించెను. ప్రాణుల ప్రవర్తనను గూర్చిన పరిశోధనలకు 1973లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. మనిషిని తల్లియనుకొన్న బాతుపిల్ల కుక్కను చూచి బెదరదు; పిల్లిని చూచి పారిపోదు. ముద్దుచేయుట కూడ ఒక విధమైన రెక్క కోయుటయే యని పెంపకందారులు తెలిసికొనిరి.

మఱొక చిక్కు కనబడకుండ పెరిగినది. మూడు పక్షులనుండి పుట్టిన సంతతి యంతయు దగ్గరి రక్తసంబంధము గలది. తరములు గడచినకొలది గ్రుడ్లు మురుగుట హెచ్చెను. కొన్ని పిల్లలకు నూగు ఒత్తుగ రాక వెంట్రుకలవలె పలుచబడి, చలి నాపలేకపోయెను. క్రొత్త రక్తముకొఱకు హవాయినుండి మఱికొన్ని పక్షులను తెప్పింపవలసి వచ్చెను. కొలనులో సంఖ్య పెరుగుటయే క్షేమము కాదని ఇట్లు రుజువయ్యెను.

1960లో పోహకులోవలో పెరిగిన పక్షులను హవాయి పెద్దదీవిలో విడిచిరి. 1962లో స్లింబ్రిడ్జ్ పక్షులు స్వదేశమునకు పయనమయ్యెను. ముప్పది పక్షులు విమానములో మావీ దీవికి చేరెను. అచ్చటి హాలియకల అగ్నిపర్వత బిలములోనికి బండి దారి లేదు. స్కౌటు బాలురు పక్షులున్న పెట్టెలను వీపున కట్టుకొని, ఇరుకు బాటవెంట నడచి బిలములోనికి దిగిరి. ఆ దీవిలో ఈ పక్షి కనుమరుగై ఎన్నియో ఏండ్లయ్యెను. బాలుర వీపులపై పెట్టెలలో కదలిక; లోపల మెత్తని కూత. తాతలు విని యుండగల ఆ కూతను మనుమలు తమ భుజములపై తిరిగి తెచ్చిరి. నలుని పిడికిలి సడలినట్లు, పండ్రెండేండ్లకు మనుష్యుల పిడికిలి సడలెను.

కథ ఇచ్చట ముగిసిన బాగుండెడిది. కాని ముగియలేదు. విడిచిన పక్షులలో అనేకములు మరణించెను. గూళ్లు కట్టెను, ముంగిసలు గ్రుడ్లు తినివేసెను. పిల్లలు పుట్టెను, ఎత్తైన కొండవాలులలో తగిన మేత లేక చిక్కిపోయెను. ఏటేట క్రొత్త పక్షులను విడుచుచుండిరి. ఏటేట అవి తరుగుచుండెను. మొత్తముమీద రెండువేలకు పైగ పక్షులను విడిచినను, చిల్లికుండలో నీరు పోసినట్లే యుండెను. పక్షులను పెంచిన నేర్పు గొప్పదే. కాని అవి కొండలనుండి పోవుటకు గల కారణము కొండలమీదనే మిగిలియుండెను.

సమాధానము అనుకోని దిక్కునుండి వచ్చెను. 1982 నవంబరులో ‘ఇవా’ యను పెనుతుఫాను కవాయి దీవిపై విరుచుకొనిపడెను. అచ్చట పెంపకమున నున్న కొన్ని ‘నేనే’ పక్షులు కంచెలు విరిగి స్వేచ్ఛగ పోయెను. వానిని విడువవలెనని ఎవ్వరును పూనుకొనలేదు. గాలియే తలుపు తెఱచెను. అవి నశించునేమో యని భయపడిరి. నశించుటకు మారుగ అవి పెరుగనారంభించెను. ఏలయనగా కవాయి దీవిలో ముంగిసలు స్థిరపడలేదు. పల్లపు నేలలలో పచ్చిక సమృద్ధిగ నుండెను. ఇతర దీవులలో మనుష్యులు ఎంతో శ్రమించి సాధింపలేనిది, శత్రువులేని చోట పక్షులు తమంతట తామే సాధించెను. ఆ పిమ్మట మిగిలిన దీవులలో కూడ ముంగిసలను, పిల్లులను అరికట్టుటకును, మేతభూములను కాపాడుటకును ప్రాధాన్య మిచ్చిరి. 2019 నాటికి స్వేచ్ఛగ తిరుగు పక్షులు 2,800కు పైబడినవి. వానిలో పెద్దపాలు కవాయిలోనివే. ఆ సంవత్సరాంతమున అమెరికా ప్రభుత్వము ఈ పక్షిని నశింపనున్న జాతుల పట్టికనుండి కొంత తక్కువ ప్రమాదముగల వర్గమునకు మార్చినది.

ఈ పాఠము వ్యర్థము కాలేదు. మడగాస్కరు దీవిలోని ఒక బాతు నశించినదని భావించుచుండగ, 2006లో ఒక మాఱుమూల సరస్సున కొలది పక్షులు కనబడినవి. 2009లో వాని గ్రుడ్లను తెచ్చి పెంచిరి. కాని పక్షులు పెరిగినవికదా యని వెంటనే విడువలేదు. సోఫియా అను సరస్సు నెన్నుకొని, దాని ఒడ్డున నివసించు గ్రామస్థులతో కలిసి, చేపలు పట్టు పద్ధతులను, సేద్యపు పద్ధతులను సరిచేయుటకు యత్నించిరి. అటుపై 2018లో 21 పక్షులను నీటిలో విడిచిరి. ముందు ఇల్లు, పిమ్మట పక్షి. ఈ పనిలోను స్లింబ్రిడ్జ్ సంస్థవారు పాల్గొనిరి.

అడవిపక్షిని బంధించుట ఏ కారణముచేతను తగదని వాదించువారు కలరు. వారి వాదము త్రోసిపుచ్చదగినది కాదు. కోసిన రెక్క మఱల మొలవదు. జాతిని రక్షించుటకే యని చెప్పి, వేడుకకై పక్షులను దాచుకొనువారును లేకపోలేదు. కాని 1950లో ఆ రెండు పక్షులను విమానమెక్కింపనిచో ఏమై యుండెడిదో ఆలోచింపవలెను. బోను పక్షికి కాలము నీయగలదు. బ్రతుకు నీయజాలదు. బ్రతుకు నిచ్చునది చోటు. ఆ కాలములో చోటును సరిచేయువాడు రక్షకుడు. సరిచేయక పక్షిని మాత్రము ఉంచుకొనువాడు ఎంత ప్రేమ గలవాడైనను కావలివాడు మాత్రమే.

పీటర్ స్కాట్ జీవితముననే దీనికొక మధురమైన నిదర్శనము కలదు. 1964 శీతకాలమున ఆయన ఇంటి కిటికీ ముందరి కొలనులో, పెంపుడు హంసల పిలుపు విని, ఉత్తరధ్రువ ప్రాంతపు అడవిహంసలు తామై దిగెను. ఆయన వానిని పట్టలేదు. కిటికీయొద్ద కూర్చుండి వాని ముఖములను చిత్రించెను. ప్రతి హంస ముక్కుమీదను పసుపు నలుపుల తీరు వేఱువేఱుగ నుండుటను ఆయనయు కుటుంబమును గుర్తించిరి. ఒక్కొక్కదానికి పేరు పెట్టిరి. మఱుసటి శీతకాలమున అందు కొన్ని మఱల వచ్చినపుడు, వచ్చినది ఎవరో పేరుతో చెప్పగలిగిరి. ఒకనాడు తుపాకితో పొంచియున్న కన్నులే కాగితముతో కాచుకొని కూర్చుండెను. బంధింపకయే పక్షిని తన దానిగ చేసికొనవచ్చునని ఆయనకు తెలిసినది. 1989లో ఆయన మరణించెను. హంసలు నేటికిని ఆ కొలనులకు వచ్చుచున్నవి.

తెలుగుదేశమున ఇట్టి కిటికీ తెఱచియే యున్నది. కృష్ణా గోదావరుల నడుమ కొల్లేరు కలదు. దక్షిణమున పులికాటు కలదు. శీతకాలమున హిమాలయములకు ఆవలినుండి సూదితోక బాతులు మొదలైనవి వచ్చి ఆ నీటిలో విడిది చేయును. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వానిని పట్టుటయు, ఇంట బంధించుటయు నేరము. కొల్లేరు 1999లో అభయారణ్యముగ ప్రకటింపబడినది. అయినను చేపల చెఱువుల గట్లు సరస్సును ఆక్రమింపగా, 2006లో అనేకములను తొలగింపవలసి వచ్చెను. పక్షిని పట్టకుండుట సగము ధర్మమే. అది దిగు నీటిని నిలుపుట తక్కిన సగము. నీరు పోయిన పిమ్మట ఎంత గొప్ప ఉద్యానమైనను గులాబితల బాతునకు ఇచ్చినదే ఇయ్యగలదు.

నలుడు విడిచిన హంస ఎగిరిపోయి ఊరకుండలేదు. మేలు చేయుటకు తిరిగి వచ్చెను. అది దిగుటకు రాజు తోటలోని కొలను ఎండిపోక యుండెను. హాలియకల బిలములోను, కవాయి పచ్చికలమీదను నేడు సంధ్యవేళ ఒక మెత్తని కూత వినబడును. ‘ఎవరది?’ యని కొండ అడిగినట్లును, చాలకాలము ఊరు విడిచిపోయి తిరిగివచ్చిన ఇంటివాడు ‘నేనే’ యని బదులు పలికినట్లును ఉండును.